అంచు మీద కుట్టిన పేరు

మా అత్తగారింట్లో నా చేతికివ్వని బట్ట ఒక్కటే ఉండేది. అది బాప్తిస్మం గౌను. మేడమీద గదిలో, నీలం పువ్వులు వేసిన పాత పెట్టెలో, తెల్ల దుప్పటిలో చుట్టి దాచేవారు. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా ఆ గౌనులోనే చర్చికి వెళ్లింది. మా ఆయన రూనె, అతని చెల్లెలు మారెత్, వాళ్ల నాన్న, తాత, అందరూ. బిడ్డకంటే గౌనే పొడుగు. ఎత్తుకున్నవాళ్ల మోకాళ్లు దాటి వేలాడుతుంది. లోపలివైపు అంచున ఎర్రదారంతో ఆ పిల్లల పేర్లన్నీ వరసగా కుట్టి ఉంటాయి.

"ఇది కొన్న బట్ట కాదు కోడలా," అనేది మా అత్తగారు గుద్రున్. "మన చేలో పండిన అవిసె. మన గుంటలో నానబెట్టి, మన వసారాలో వడికి, మన మగ్గం మీద నేసింది."

ఆ 'మన'లో నేనున్నానో లేనో నాకెప్పుడూ అంతుపట్టలేదు. ఈ హెల్సింగ్లాండ్ సీమ రైతులకి అవిసె నారంటే పరువు. నేను యెవ్లె పట్నం రేవులో బస్తాలు మోసేవాడి కూతుర్ని. మా ఇంట్లో తరతరాలుగా వస్తున్నదంటే నడుంనొప్పి ఒక్కటే.

పెళ్లైన మొదటి క్రిస్మస్‌కి ఒక తువ్వాలు అంచు కుట్టి అత్తగారికి కానుకిచ్చాను. దాన్ని ఆడవాళ్లందరూ చేతులు మార్చి చూశారు. ఒక పెద్దావిడ అద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "ఇది కుట్టా తల్లీ, కోడి కెలికిందా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి రూనెకి చెప్తే, "దాందేముందే, తువ్వాలు తుడుచుకోడానికేగా," అని పక్కకి తిరిగి పడుకున్నాడు.

అందుకే కడుపులో బిడ్డ పడ్డప్పటినుంచీ నన్ను పీడించింది కాన్పు భయం కాదు, ఆ కాఫీబల్ల. ఆ ఇంటి ఆనవాయితీ ఏమిటంటే, బాప్తిస్మం అయ్యాక అందరూ ఇంటికొచ్చి కాఫీకి కూర్చుంటారు. అప్పుడు బిడ్డ తల్లి గౌను ఒళ్లో పరుచుకుని, ఆడవాళ్లందరి ముందూ, బిడ్డ పేరు కుట్టాలి. ముందు కుట్టకూడదు. పాస్టరుగారు నీళ్లు పోసేదాకా ఆ పేరు పైకి పలకనైనా పలకకూడదు. ఎందుకని అడిగితే అత్తగారు, "ఎందుకేమిటి? కుట్టకూడదు, అంతే," అంది. ఆ ఇంట్లో చాలా మాటలకి అదే జవాబు.

అంచున ఇంకో వింత కూడా ఉంది. పేర్లు అతుకు దగ్గర మొదలవ్వవు. ముందు జానెడు జాగా ఖాళీగా వదిలి, ఆ తర్వాత మొదటి పేరు వస్తుంది. "అక్కడ ఖాళీ ఎందుకత్తయ్యా?" అని ఒకసారి అడిగాను. ఆవిడ మొహం తిప్పుకుని కాఫీగిన్నె తోమడం మొదలుపెట్టింది. తళతళలాడుతున్న గిన్నె.

ఆడపిల్ల పుట్టింది. పేరు నేనూ రూనె కలిసి అనుకుని, గుండెల్లో పెట్టుకున్నాం. పైకి 'చిన్నది' అనేవాళ్లం.

బాప్తిస్మం క్రిస్మస్‌కి ముందొచ్చే ఆగమనకాలంలో రెండో ఆదివారానికి పెట్టుకున్నారు. దానికి ముందు వారమంతా, అత్తగారు మధ్యాహ్నం పాలు పితకడానికి కొట్టంలోకి వెళ్లగానే నేను మేడెక్కేదాన్ని. పెట్టె తాళంచెవి గోడగడియారం వెనక ఉంటుందని నాకు తెలుసు. గౌను తీసి, కిటికీ దగ్గర కూర్చుని, చిట్టచివరి పేరు పక్కన కుట్టేదాన్ని. నెమ్మదిగా. తప్పు పడితే విప్పి, మళ్లీ. నలుగురిలో అభాసు కావడం కంటే చాటుగా కుట్టుకోవడం మేలు కదా! ఆరోజు ఉత్తి సూది ఆడించి చూపిస్తే సరిపోతుందనుకున్నాను. పైగా కుట్టడమంటే పలకడం కాదుగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వె... ఎంత కుట్టినా ఆ మొదటి అక్షరం పక్కకి ఒరిగేది.

డిసెంబరులో మాకు మూడింటికే చీకటి పడుతుంది. దీపం వెలిగించి కుట్టేదాన్ని. ఒకరోజు దారం తడిగా తగిలింది. వేలు పొడుచుకున్నానేమో, రక్తమేమోనని చూశాను. నీళ్లు. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన వేసింది. ఆగస్టు చివర్లో అవిసె కట్టల్ని గుంటలో ముంచి, పైన రాళ్లు పెట్టి కుళ్లబెడతారు చూడండి, ఊరంతా ముక్కు మూసుకుంటుంది, ఆ వాసన. డిసెంబరులో. బయట గుంట మీద మంచు గడ్డకట్టి ఉండగా.

ఆఖరి కుట్టు వేసి, దారం పళ్లతో కొరికి, ఎలా ఉందోనని తృప్తిగా చదువుకున్నాను. పెదాలు కదిలాయేమో, శబ్దం మాత్రం బయటికి రాలేదు. "వెండ్లా."

"ఊఁ," అని వినబడింది.

పక్కన తొట్టెలో చిన్నది నిద్రపోతోంది. నా ఒళ్లో గౌను తప్ప ఇంకేమీ లేదు. నిద్రలో మూలిగిందిలే అనుకుని గౌను మడిచి పెట్టెలో పెట్టేశాను.

ఆదివారం వచ్చింది. చర్చి వెనకగదిలో చిన్నదానికి గౌను తొడుగుతున్నాం. అత్తగారు బయట చుట్టాలకి చేతులు కలుపుతోంది. లోపల నేనూ, మారెత్, రూనె వాళ్ల నాయనమ్మ బ్రీతా మామ్మ. మారెత్ జ్ఞానమాత, చర్చిలోకి బిడ్డని ఎత్తుకెళ్లి బాప్తిస్మం తొట్టి దగ్గర నా చేతికివ్వాల్సింది తనే. మామ్మకి చూపు సరిగా ఆనదు. ఏ బట్టనైనా వేళ్లతో చదువుతుంది. అలవాటుకొద్దీ గౌను అంచు తడిమింది. వేళ్లు ఒకచోట ఆగిపోయాయి.

"ఎవరు కుట్టారిది?"

నేను తల వంచుకుని గౌను ముడులు బిగించాను.

"మారెత్, వెళ్లి గంట ఎప్పుడు కొడతారో కనుక్కురా," అంది మామ్మ. మారెత్ వెళ్లగానే నా మణికట్టు పట్టుకుంది. "పేరు కుట్టేశావా? ముందే?"

"కాఫీ దగ్గర అందరూ నవ్వుతారని మామ్మా..."

"విప్పు. విప్పు తొందరగా!"

గోళ్లతో దారం లాగాను. రాలేదు. నీళ్లలో నానిన దారంలా ఉబ్బి, బట్టలోకి కూరుకుపోయింది. కత్తెర లేదు. మామ్మ నా చెవి దగ్గర నోరు పెట్టింది. ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా ఎవరూ చెప్పనిది ఆ నాలుగు క్షణాల్లో చెప్పేసింది.

"ఈ గౌను కుట్టింది ఈ ఇంటి ఆడపడుచు కరీన్. పెళ్లి కాలేదు. తన బిడ్డ కోసమే కుట్టుకుంది. అంచున బిడ్డ పేరుకని చోటు కూడా వదిలింది. ఆడపిల్ల పుట్టింది. పరువు పోతుందని ఇంట్లోవాళ్లు ఆ పసిదాన్ని తెల్లారకుండానే నారగుంటలో... అవిసె కట్టల కింద... పేరు లేదు, బాప్తిస్మం లేదు, గొయ్యి లేదు."

"మరి గౌను..."

"మరుసటేడు అన్నకి కొడుకు పుడితే వాడికి తొడిగారు. మంచి నార, వృథా ఎందుకని." మామ్మ నా మణికట్టు ఇంకా గట్టిగా పట్టుకుంది. "పేరు లేనివాళ్లు పేరు కోసం కాచుకుని ఉంటారమ్మా. నీళ్లు పడకముందు బట్ట మీద పేరు కనిపిస్తే అది తనదే అనుకుంటుంది ఆ పిల్ల. విను. పాస్టరు పేరడిగినప్పుడు ముందు దానికో పేరు పెట్టు. ఏదైనా సరే. 'కరీన్ బిడ్డకి, ఈ ఇంట్లో చచ్చిపోయినదానికి' అని గట్టిగా, అందరూ వినేలా చెప్పు. తర్వాత నీ బిడ్డ పేరు చెప్పు."

"మీరు చెప్పొచ్చుగా మామ్మా!"

"గౌను ఎత్తుకున్న తల్లే చెప్పాలి. నేను ముగ్గుర్ని ఎత్తుకుని నిలబడ్డాను ఆ తొట్టి దగ్గర. మూడుసార్లూ నోరు రాలేదు." చేతి రుమాలుతో కళ్లు అద్దుకుంది. "పేర్లు తర్వాత కుట్టాను కాబట్టి నా పిల్లలు దక్కారు. అంతే."

గంట మోగింది.

చర్చిలో కొవ్వొత్తులు వెలిగించారు. కిటికీల బయట మంచు నీలంగా మారుతోంది. మారెత్ బిడ్డని ఎత్తుకుని ముందు నడిచింది. సగం దూరం వెళ్లాక ఆగి నావైపు తిరిగింది. "వదినా, ఏం పెట్టి పెంచుతున్నావే దీన్ని, ఇంత బరువుంది!" అని గుసగుసగా నవ్వింది. ఇంకో రెండడుగులు వేసి, నవ్వు మానేసి, బిడ్డని నా చేతుల్లో పెట్టేసింది. నుదుటి మీద చెమట.

బరువు. నిజంగానే బరువు. నా చిన్నదాని బరువు నా చేతులకి తెలుసు. ఇది అది కాదు. మోచేతులు కిందికి జారుతున్నాయి. గౌను చల్లగా తగులుతోంది. మొదట అంచు, తర్వాత మడతలు, తర్వాత నా ఛాతీ మీద కూడా... తడి. ఆ కుళ్లునార వాసన. పక్కన రూనె ముక్కు ఎగబీల్చి, బిడ్డ పాలు కక్కిందేమోనన్నట్టు చూశాడు.

పాస్టరుగారు చదువుతున్నారు. నాకొక్క ముక్క ఎక్కడంలేదు. ముందు బల్ల మీద అత్తగారు, నల్ల చేతితొడుగులు ఒళ్లో పెట్టుకుని, నిటారుగా. ఆవిడ పక్కన రంపపుమిల్లు యజమాని భార్య, బడిపంతులు, పెద్ద పెద్ద రైతులు. నవ్విన ఆ పెద్దావిడ. చిట్టచివరి బల్ల మీద మా నాన్న, ఎవరిదో అడిగి తెచ్చుకున్న కోటులో, టోపీ రెండు చేతులతో పట్టుకుని. ఆయన్ని అంత వెనక కూర్చోమన్నది నేనే. పోనీలే, అక్కడైతే వెచ్చగా ఉంటుంది నాన్నా అన్నాను. పొయ్యి ఉన్నది ముందువైపు.

"ఈ బిడ్డకి ఏం పేరు పెడుతున్నారు?" అని అడిగారు పాస్టరుగారు.

"నాకు?"

విన్నాను. చెవి దగ్గర కాదు... నా మోచేతి కింద. గౌను మడతల్లోంచి. చాలా చిన్న గొంతు. అందులో కోపం లేదు. అందరికీ మిఠాయి పంచుతుంటే వరస చివర నిలబడ్డ పిల్ల అడిగినట్టు.

"నాకు?"

మూడో వరసలోంచి బ్రీతా మామ్మ నావైపే చూస్తోంది. కనబడకపోయినా చూస్తోంది. చెప్పు, అంటున్నాయి ఆవిడ పెదాలు.

ఒక్క మాట. ఏదో ఒక పేరు. అన్నా అనో, మరియా అనో. ఆపైన ఈ ఇంట్లో ఒక పసిగుడ్డుని చంపారని, ఆ బిడ్డ బట్టే మీరంతా ముద్దుచేస్తున్నారని. నోరు తెరిచాను కూడా. అప్పుడు అత్తగారు నావైపు చూసింది. ఏమీ అనలేదు. ఆ క్రిస్మస్‌కి నా తువ్వాలు చేతిలో పట్టుకుని చూసినట్టే చూసింది. రేవుపిల్లకి మతి చలించింది అంటారు. కొడుకు తెచ్చుకున్న సంబంధం చూడమ్మా అంటారు. మా నాన్న టోపీ నలుపుకుంటూ లేచి బయటికి వెళ్లిపోతాడు. ఇవన్నీ కళ్లముందు ఆడాయి. నా బిడ్డ కంటే ముందు ఇవి ఆడాయి.

పాస్టరుగారు కాస్త ముందుకి వంగారు. "పేరమ్మా?"

"వెండ్లా," అన్నాను.

చేతుల్లో బరువు పోయింది.

తగ్గడం కాదు, పోయింది. ఎదుటివాళ్లు సామాను అందుకున్నట్టు. తూలి పడబోతే రూనె భుజం పట్టుకున్నాడు. పాస్టరుగారు నీళ్లు పోశారు. స్నానమంటే చాలు ఇల్లెగిరిపోయేలా ఏడ్చే పిల్ల ఏడవలేదు. కళ్లు విప్పుకుని నా భుజం మీదుగా వెనక్కి చూస్తోంది. తలుపు వైపు. ఎవరో వెళ్లిపోతుంటే చూసినట్టు. తిరిగి వస్తుంటే, నడవ పొడవునా రాతినేల మీద తడి చుక్కలు. బూట్ల మంచు అనుకున్నారందరూ. ఆ చుక్కలు లోపలికి రావడంలేదు... బయటికి పోతున్నాయి.

ఇంట్లో కాఫీబల్ల. ఏడు రకాల బిస్కట్లు, ఒకటి తగ్గితే పిసినారి అంటారు, ఒకటి ఎక్కువైతే గొప్పలు అంటారు. కుంకుమపువ్వు రొట్టెలు. ఆడవాళ్లు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. "ఏదమ్మా సూదిదారం? మా అందరికీ చూపించు," అంది ఆ పెద్దావిడ.

ముందే కుట్టిన సంగతి బయటపడుతుందని నా ప్రాణం గిజగిజలాడుతోంది. గౌను అంచు తిప్పాను. చివరి పేరు పక్కన ఏమీ లేదు. దారం పోగు కూడా లేదు. నేను కుట్టినచోట సూదిరంధ్రాలు మాత్రం ఉన్నాయి.

"అమ్మా, ఇదేంటి?" అంది మారెత్. తన చేతిలో ఉంది అంచు రెండో కొస.

అతుకు పక్కన, ఆ జానెడు ఖాళీలో, పేరు ఉంది. 'వెండ్లా.' నా కుట్టే. పక్కకి ఒరిగిన మొదటి అక్షరంతో సహా. కానీ దారం ఎర్రగా లేదు. ఎన్నో ఏళ్లు ఉతికితే వెలిసినట్టు, పాచిపట్టిన గోధుమరంగులో ఉంది.

అందరూ అత్తగారి వైపు చూశారు. ఆవిడ మొహంలో రక్తం లేదు. ఆవిడకీ తెలుసు, ఎప్పట్నుంచో తెలుసు. వంగి, నా ఒళ్లోంచి గౌను తీసుకుని, అంచు కనబడకుండా లోపలికి మడిచింది.

"కాఫీ చల్లారిపోతోంది," అంది. "తీసుకోండి, తీసుకోండి."

ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ తీసుకున్నారు. నేనూ తీసుకున్నాను.

ఆ తర్వాత నా బిడ్డకి పేరు నిలవలేదు. చెంచా చప్పుడైతే తల తిప్పుతుంది, కుక్క మొరిగితే తిప్పుతుంది. వెండ్లా అని పిలిస్తే మాత్రం తనని కానట్టు ఉండిపోయేది. డాక్టరు చెవులు చూసి భేషుగ్గా ఉన్నాయన్నాడు. మనుషుల నోళ్లలో కూడా ఆ పేరు నిలవదు. సాక్షాత్తూ జ్ఞానమాత మారెత్, "దీని పేరేంటి వదినా, నోటిచివర ఉంది," అంటుంది. రూనె ఇప్పటికీ చిన్నది అనే అంటాడు. వేరే పేరు పెట్టి చూశాను. పూటకో పేరు. పొద్దున పెట్టింది సాయంత్రానికి నాకే గుర్తుండదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం దాన్ని చంకనేసుకుని వాకిట్లో నిలబడి, మొండిగా, గొంతెత్తి పిలిచాను. "వెండ్లా!" చంకలోది కదల్లేదు. నారగుంట వైపునుంచి, మంచు కిందినుంచి, "ఊఁ..." అని పలికింది. సంతోషంగా. మళ్లీ ఎప్పుడూ పిలవలేదు.

వసంతంలో బ్రీతా మామ్మ పోయింది. పోయేముందు నన్ను దగ్గరికి పిలిచి, "తప్పు నాది కూడా," అంది. "ఇప్పుడు నీ బిడ్డ ఆ వరసలో నిలబడింది. పేరు లేనివాళ్లు ఎవరిదో ఒకరిది తీసుకునేదాకా ఊరుకోరు. గౌనుని పొయ్యిలో పడేయ్, లేదా నలుగురిలో నోరు విప్పు." పొయ్యిలో పడెయ్యలేదు. నా బిడ్డ పేరు దాని మీద ఉంది. నోరూ విప్పలేదు. అది ఎందుకో చెప్పడానికి నాకు మొహం చెల్లదు.

మారెత్‌కి ఈ శరదృతువులో కొడుకు పుట్టాడు. నిన్న గౌను కోసం వచ్చింది. పిల్లాణ్ణి భుజాన వేసుకుని, వంటింట్లో నా ఎదురుగా కూర్చుని, గొంతు తగ్గించింది.

"వదినా, అమ్మతో అనకు. నా కుట్టు సంగతి నీకు తెలుసుగా, నలుగురూ చూస్తుంటే చెయ్యి వణుకుతుంది. పేరు ముందే కుట్టేస్తా. ఏమవుతుంది?"

పిల్లాడు నిద్రలో పెదాలు చప్పరిస్తున్నాడు. బొద్దుగా ఉన్నాడు. మారెత్ నాకు ఈ ఇంట్లో మొదటినుంచీ మంచిగా ఉన్న ఒకే ఒక్క మనిషి.

ఒక్క మాట చెప్తే చాలు. కుట్టకే, అంటే చాలు. నా చూపు నేల మీద ఆడుకుంటున్న చిన్నదాని మీదికి పోయింది. దానికి ఏడాది దాటింది. అమ్మా అని కూడా అనదు ఇంకా.

"ఏమీ కాదులే," అన్నాను. సిగ్గుతో ఒళ్లంతా కాలిపోయింది. అయినా అన్నాను.

గడియారం వెనక తాళంచెవి తీసి, మేడమీంచి గౌను తెచ్చి బల్ల మీద పరిచాను మడవడానికి. అంచు కిందికి వేలాడింది. చిన్నది పాకుతూ వచ్చి, నా పావడా పట్టుకుని లేచి నిలబడింది. ఆ అంచు చేతిలోకి తీసుకుని, చివర్లో ఖాళీగా ఉన్న సూదిరంధ్రాల మీద వేలు పెట్టింది. వేలు తడిసినట్టుంది, గౌనుకే తుడుచుకుంది. తర్వాత తలెత్తి, మారెత్ భుజం మీద నిద్రపోతున్న పిల్లాడి వైపు చూసింది.

"నాకు?" అంది.

"ఓసి నా బంగారం, మాటలొచ్చేశాయే!" అని మారెత్ పకపకా నవ్వింది.